పదకొండు మందికి తొమ్మిది దోసిళ్లు

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు గురించి అడిగితే మా బడి పిల్లలు తడుముకోకుండా చెబుతారు. గోల్కొండను 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు మీద ఊరు వెలిసిందంటారు. అదే పిల్లలను "మీ దాది కాలంలో రాత్రికి ఏం వండేవారు? ఎంతమందికి వండేవారు?" అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. రాజు ఎన్నేళ్లు ఏలాడో వాళ్లకు తెలుసు. ఇంట్లో కుండ ఎట్లా నిండిందో తెలియదు. ఆ తప్పు పిల్లలది కాదు. మనం ఎప్పుడూ అడగలేదు, రాసి పెట్టలేదు. అందుకే ఈ వ్యాసంలో రాజుల సంగతి పక్కన పెట్టి, మా తండాలో ఒక పెద్ద కుటుంబం తక్కువ ఖర్చుతో రాత్రి బువ్వ ఎట్లా వెళ్లదీసిందో చెబుతాను.

మాది ఇబ్రహీంపట్నం దగ్గరి ఒక లంబాడీ తండా. నా చిన్నప్పుడు, అంటే 1980లు, 90లలో, మా ఇంట్లో పదకొండు మందిమి. దాదా, దాది, బా, యాడి, కాకా, కాకి, మేము ఐదుగురు పిల్లలం. పొయ్యి ఒక్కటే. సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని దాది జొన్నపిండిని దోసిళ్లతో కొలిచి పళ్లెంలో పోసేది. నేను కిరోసిన్ దీపం పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. లెక్కలంటే ఇష్టమున్న పిల్లను కాబట్టి నేనూ ఆమెతోపాటు లెక్కపెట్టేదాన్ని. రోజూ తొమ్మిది దోసిళ్లే వచ్చేవి. మేము పదకొండు మందిమి కదా, తొమ్మిదే ఎందుకు పోశావని ఒకరోజు అడిగాను. "మగవాళ్లకు మూడు, పిల్లలకు ఐదు, ఆడవాళ్లం ముగ్గురికీ కలిపి ఒకటి" అంది దాది, వాన పడుతోందని చెప్పినంత మామూలుగా. ఆ లెక్క నాకు ఇప్పటికీ గుర్తుంది. తక్కువ ఖర్చు వంట గురించి నాకు తెలిసిన చరిత్ర అంతా ఆ తొమ్మిది దోసిళ్ల చుట్టూనే తిరుగుతుంది.

ముందు మన పాత కథ ఒకటి చెప్పాలి. ఇవాళ తండా అంటే లంబాడీలు స్థిరంగా ఉండే ఊరు. ఒకప్పుడు తండా అంటే నడిచే బిడారు. ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ ఊర్లు, సైన్యాల విడిదులు తిరిగిన జనం మనవాళ్లు. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు యాత్రికుడు ఉత్తరాదిలో ఒక బంజారా తండాను చూశాడు. అందులో 14,000 ఎడ్లు ధాన్యం మోస్తున్నాయని రాసుకున్నాడు. మొగల్ సైన్యాలైనా దక్కన్ సైన్యాలైనా దండు కదిలితే వెనక బంజారాల ధాన్యం కదలాల్సిందే. తర్వాత రోడ్లు వచ్చాయి, రైళ్లు వచ్చాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు నడిచింది. ఎడ్లు మోసే బరువును రైలు మోయడం మొదలుపెట్టాక మన పూర్వీకుల వృత్తి కూలిపోయింది. 1871లో బ్రిటిషు పాలకులు తెచ్చిన నేరస్థ తెగల చట్టం తిరిగే జనాలన్నిటినీ అనుమానంతో చూసింది. ఊర్లకు ధాన్యం చేరవేసిన జనం, తమ కుండలోకి ధాన్యం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలా అని వెతుక్కునే స్థితికి వచ్చారు. గుట్టల పక్కన, చెల్క భూముల్లో స్థిరపడి జొన్న, ఉలవ, కంది, ఆముదం వేసుకున్నారు. భూమి లేనివాళ్లు కూలికి పోయారు.

ఆ చెల్క పంటల నుంచే మన రాత్రి బువ్వ పుట్టింది. చవక వంటకు మా దాది దగ్గర మూడు ఉపాయాలు ఉండేవి. వాటిని పుస్తకంలో చదివింది కాదు, పొయ్యి ముందు నేర్చుకుంది.

మొదటిది, ఒక గింజతో రెండు పూటలు. రాత్రి ఉలవలు ఉడకబెడితే ఆ నీళ్లను వంపి చింతపండు, మిరపకాయ వేసి చారు కాచేది. మిగిలిన గింజలు పొద్దున గుగ్గిళ్లయ్యేవి. జొన్నరవ్వతో రాత్రి గటక వండితే, మిగిలిన ముద్దను నీళ్లలో నానబెట్టి పొద్దున మజ్జిగతో కలిపి తాగేవాళ్లం. రాత్రి బువ్వకు వేసిన మంట, రేపటి పొద్దుటి పనిలో సగం ముగించేది.

రెండోది, కొనని కూర. వానాకాలంలో గంగవాయిలి, తుమ్మి, తోటకూర చేన్ల గట్ల మీద దొరికేవి. పుంటికూర ఇంటి వెనక ఉండేది. ఎండాకాలంలో చింతచిగురు. పుంటికూరను ఎండబెట్టి కుండలో దాచుకుంటే కూర దొరకని నెలలు గడిచేవి. పప్పు పిడికెడే ఉన్నా ఆకుకూర చేటెడు పడితే పదకొండు మందికి సరిపోయేది. కూర అసలే లేని రాత్రి పచ్చిపులుసు, ఉల్లిగడ్డ.

మూడోది, దాపరికం. జొన్నలు పండిన ఏడు పాతరలో పోసి మూసేవాళ్లు. పాతర తీసే రోజు దాదాకూ దాదికీ మధ్య పెద్ద మాటల యుద్ధమే నడిచేది. ఎప్పుడు తీయాలి, ఎంత తీయాలి, వచ్చే వాన దాకా ఎన్ని నెలలు అన్నదే అసలు లెక్క. ఇవాళ మనం నెలవారీ బడ్జెట్ అంటున్నది అప్పుడు వాన నుంచి వాన దాకా వేసుకునే బడ్జెట్.

ఇది మన ఒక్కరి తెలివి కాదు. గోండు గూడేల్లో జొన్న గటక, అంబలి ఉన్నాయి. నల్లమలలో చెంచులు అడవి గడ్డలతో పూట గడిపారు. ఇప్పపువ్వును ఎండబెట్టి దాచుకున్న ఆదివాసీ ఇళ్లు ఎన్నో. ఎక్కడ ఏది దొరికితే దానితో పెద్ద కుటుంబాన్ని పోషించిన ఈ తెలివిని మన పిల్లలు గర్వంగా చెప్పుకోవాలి.

గర్వపడుతూనే ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ వంట చవక కావడానికి ఉలవచారు ఒక్కటే కారణం కాదు. ఆడవాళ్ల రెండు దోసిళ్లు తగ్గడం కూడా కారణమే. ఆడవాళ్ల చాకిరీకి విలువ కట్టకపోవడం ఇంకో కారణం. తెల్లవారుజామున విసుర్రాయి ముందు కూర్చుని పదకొండు మందికి జొన్నలు విసిరేది యాడి, కాకి. ఆ పని చేసేవాళ్లే చివర తినేవాళ్లు. చివర తినడమంటే కుండ అడుగు గోకి తినడం.

ఇక ప్రభుత్వ లెక్క దగ్గరికి వద్దాం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నిజాం సర్కారు రైతుల దగ్గర లెవీ ధాన్యం గుంజుకుంది. తెలంగాణ రైతు పోరాటానికి దారితీసిన కోపాల్లో అదీ ఒకటి. స్వతంత్రం వచ్చాక 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడింది. మద్దతు ధరకు వడ్లు, గోధుమలు కొని గోదాముల్లో నింపి, చౌక ధరల దుకాణాలకు పంపడం పెద్ద ఎత్తున మొదలైంది. జొన్నకు, ఉలవకు అంత ఆదరణ దొరకలేదు.

1976 చట్ట సవరణతో తెలంగాణ లంబాడీలకు కూడా షెడ్యూల్డ్ తెగల గుర్తింపు వచ్చింది. హాస్టళ్ల తలుపులు తెరుచుకున్నాయి. ఇది చదువు కథ మాత్రమే అనుకుంటారు. కానీ నన్నూ మా తమ్ముణ్నీ హాస్టల్‌కు పంపిన రోజు దాది అన్న మాట వేరు: "ఇక నుంచి ఏడు దోసిళ్లు." పిల్లలను హాస్టల్‌కు పంపడం కూడా రాత్రి బువ్వ లెక్కలో ఒక భాగమే. నేను టీచర్ ట్రైనింగ్ దాకా చదివానంటే దాని వెనక చదువు మీద ఆశ ఎంత ఉందో, పొయ్యి మీద భారం తగ్గాలన్న అవసరమూ అంతే ఉంది.

1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. తండాల్లో పండగ పూట మాత్రమే వండే వరి అన్నం మెల్లగా రోజూ రాత్రికి వచ్చింది. 1990లలో ధర మూడున్నర రూపాయలకు పెరిగింది. 2008లో మళ్లీ రెండు రూపాయలైంది. 2011 నవంబరులో ఒక రూపాయికి దిగింది. యాడి, కాకి ఈ బియ్యాన్ని చేతులెత్తి స్వాగతించారు. అందులో తప్పేముంది? విసుర్రాయి పని పోయింది. రొట్టెలు ఒక్కొక్కటిగా కాల్చే పని పోయింది. ఒక గిన్నె పొయ్యి మీద పెడితే అందరికీ అన్నం. జొన్నలు మానేసి తప్పు చేశారని ఇవాళ మైకుల ముందు మాట్లాడేవాళ్లు పదకొండు మందికి ఒక్కరోజు జొన్నలు విసిరి చూడాలి.

అయితే కార్డులో ఒక మెలిక ఉండేది. తలకు ఇన్ని కిలోలు అంటూనే, కార్డుకు ఇంతకు మించి ఇవ్వరు అనే గరిష్ఠ పరిమితి పెట్టారు. రాష్ట్ర విభజనకు ముందు చివరి రోజుల్లో అది తలకు 4 కిలోలు, కార్డుకు 20 కిలోలు. పిల్లలకు నేను ఈ లెక్క నల్లబల్ల మీద వేయిస్తాను. ఐదుగురి ఇంటికి 20 కిలోలు. అంటే మనిషికి రోజుకు సుమారు 133 గ్రాములు. పదకొండు మంది ఇంటికి 44 కిలోలు రావాలి. వచ్చేది అదే 20 కిలోలు. మనిషికి రోజుకు 60 గ్రాములు. గుప్పెడు కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఆరో మనిషి నుంచి పదకొండో మనిషి దాకా ఆ ఆరుగురూ ప్రభుత్వ లెక్కలో లేరు.

ఈ లెక్క వేసినప్పుడల్లా నాకు దాది దోసిళ్లు గుర్తొస్తాయి. దాది ఆడవాళ్ల దోసిళ్లు తగ్గించింది. కార్డు ఐదుగురి తర్వాతి తలలను తగ్గించింది. రెండు చోట్లా ఖర్చు తగ్గింది. రెండు చోట్లా ఎవరో ఒకరు లెక్కలోంచి పోయారు. దాదికి వేరే దారి లేదు, పాతరలో ఉన్నదే కొలవాలి. ప్రభుత్వానికి ఆ సాకు లేదు.

పరిమితి వల్ల ఇంకో సంగతీ జరిగింది. మా తండాలో కాగితం మీద కాపురాలు విడిపోయాయి. పొయ్యి ఒక్కటే, కార్డులు రెండు. అన్నదమ్ములు కలిసి తింటూనే వేరుపడ్డట్టు రాయించుకున్నారు. దాన్ని మోసం అన్నవాళ్లున్నారు. ఐదుగురి కొలతతో పదకొండు మందిని కొలిచినప్పుడు జనం వెతుక్కున్న దారి అది అంటాను నేను. కొందరి ఇళ్లలో కాగితం మీది వేరు కొన్నాళ్లకు నిజం వేరైంది కూడా. ఉమ్మడి కుటుంబాలు ఎందుకు విడిపోయాయని రాసేవాళ్లు అత్తాకోడళ్ల గొడవలతో పాటు రేషన్ కార్డును కూడా ఆ జాబితాలో రాయాలి.

2015 జనవరి 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం ఆ గరిష్ఠ పరిమితిని ఎత్తేసింది. మనిషికి 6 కిలోలు, ఇంట్లో ఎందరుంటే అందరికీ, కిలో రూపాయికి. పదకొండు మంది ఇంటికి 66 కిలోలు. నల్లబల్ల మీద లెక్క మళ్లీ వేస్తే మనిషికి రోజుకు 200 గ్రాములు. 60 నుంచి 200కు. పెద్ద కుటుంబాల చరిత్రలో ఇది ఎంత పెద్ద మార్పో పేపర్లలో పెద్దగా చర్చ జరగలేదు. మా తండాలో మాత్రం ఆ నెల దుకాణం ముందు ముసలివాళ్లు సంచులు సరిపోక తువ్వాళ్లు పరిచారు.

దానికి ముందే, 2013 జాతీయ ఆహార భద్రతా చట్టంలో ఇంకో మంచి మాట చేరింది. రేషన్ కార్డుకు ఇంటి పెద్దగా, పద్దెనిమిదేళ్లు నిండిన ఆడవాళ్లలో అందరికన్నా పెద్దామెను గుర్తించాలని చట్టం చెప్పింది. చివర తినే మనిషి పేరు కార్డులో మొదటి వరుసలోకి వచ్చింది. పేరు మొదటికి వచ్చింది సరే. కంచం మొదటికి వచ్చిందా? అది చట్టం చేసే పని కాదు, మనం చేయాల్సింది.

బడి సంగతి కూడా ఇందులో కలపాలి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ బడుల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. మన దగ్గర 2003 జనవరిలో మధ్యాహ్న భోజనం మొదలైంది. బడికి వచ్చే ప్రతి పిల్లా పిల్లవాడి మధ్యాహ్నం కుండ భారం ఇంటి నుంచి తగ్గింది. పొద్దున వండింది రాత్రికి కొంత మిగలడం కొన్ని ఇళ్లలో అప్పుడే మొదలైంది. టీచర్లం మనలో కొందరు మధ్యాహ్న భోజనాన్ని అదనపు చాకిరీగా చూస్తాం. ఇంట్లో ఎంతమందో తెలిస్తే అట్లా చూడలేం.

ఇప్పుడు బియ్యం ఉచితంగా వస్తోంది. 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. కడుపు నిండుతోంది. కానీ పళ్లెం ఒక్క రంగుకు వచ్చింది. జొన్న చేను పోయి పత్తి వచ్చింది. ఊరంతా పత్తి వేసినప్పుడు ఒక్కరే జొన్న వేస్తే పిట్టలన్నీ ఆ ఒక్క చేను మీదే వాలతాయి. అందుకే వేసేవాళ్లూ మానేశారు. కలుపు మందు కొట్టిన గట్ల మీద గంగవాయిలి మొలవడం లేదు. కొనని కూర ఇప్పుడు కొనాల్సి వస్తోంది. హైదరాబాద్‌కు కూరగాయలు పంపే మా ప్రాంతంలోనే, పండించిన ఇళ్లు అన్నంలో కారం నీళ్లు పోసుకునే రోజులున్నాయి.

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో మన దగ్గరికి వచ్చింది. ఆ సంస్థ పట్టికలు చూడండి. వంద గ్రాముల తెల్ల బియ్యంలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. జొన్నలో సుమారు 4 మిల్లీగ్రాములు. ఉలవల్లో మాంసకృత్తులు సుమారు 22 గ్రాములు. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. చివర తినే మనిషికి ఇప్పుడు అన్నం దొరుకుతోంది, పప్పు, కూర మాత్రం అడుగంటే ఉంటున్నాయి.

ఈ చిక్కుకు దారి చూపినవాళ్లు మనకు దగ్గర్లోనే ఉన్నారు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు, ఎక్కువగా దళిత స్త్రీలు, 1990లలో బీడు భూములను సాగులోకి తెచ్చి జొన్న పండించారు. సాగుకు తీసుకున్న అప్పును గింజల రూపంలో తీర్చారు. ఆ జొన్నలను ఊర్లోనే నిల్వ చేసి, పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు ఎంత పేదలో ఊరివాళ్లే కూర్చుని తేల్చారు. మరీ పేదవాళ్లకు ఎక్కువ గింజలు. తలలను చూసి, ఆకలిని చూసి కొలిచిన రేషన్ అది. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడానికి చాలా ముందే ఆ ఆడవాళ్లు ఆ పని చేశారు.

మన ఇళ్లలో ఏం చేయవచ్చు? సెలవుల్లో అందరం కలిస్తే మా ఇంట్లో ఇప్పటికీ పదకొండు మందిమి అవుతాం. అప్పుడు నేను పాటించే పద్ధతి చెబుతాను. వారంలో రెండు రాత్రులు జొన్నరొట్టె లేదా గటక. పిండి గిర్నీలో పట్టిస్తాం, విసుర్రాయి అక్కర్లేదు. మనిషికి ఒక దోసిలి చొప్పున పదకొండు దోసిళ్లు, తొమ్మిది కాదు. రొట్టెలు కాల్చడానికి తమ్ముడు కూర్చుంటాడు. వారంలో రెండు రాత్రులు ఉలవచారు, మర్నాడు గుగ్గిళ్లు. మిగతా రాత్రులు రేషన్ బియ్యం అన్నం, దానితో పప్పు, ఆకుకూర కలిపి. ఇంటి వెనక పుంటికూర, మునగచెట్టు ఉంటే ఆకుకూర ఖర్చు సగం తగ్గుతుంది. వడ్డించే ముందు వండినవాళ్ల పళ్లేలలో కూర వేసి పక్కన పెడతాం. ఈ ఆఖరి పద్ధతికి పైసా ఖర్చు లేదు. అన్నిటికన్నా అలవాటు కావడం కష్టమైంది కూడా అదే. యాడి మొదట్లో ఒప్పుకోలేదు. "నేను తింటాలే" అంటూ తన పళ్లెంలోది పిల్లలకు తోసేది.

తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈసారి సాంఘిక శాస్త్రం ప్రాజెక్టుగా పిల్లలకు ఈ నాలుగు ప్రశ్నలు ఇవ్వండి. మీ ఇంట్లో పెద్దామె చిన్నప్పుడు రాత్రి ఏం వండేవారు? ఎంతమందికి? ఆ గింజ ఎక్కడి నుంచి వచ్చేది? చివర ఎవరు తినేవారు? కోయ, గోండు, చెంచు, ఎరుకల, లంబాడీ, ఏ ఇంటి పిల్లలైనా సరే, జవాబులను ఆ ఇంటి మాటల్లోనే రాయించండి. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత మన తండాలు, గూడేలు ఎన్నో గ్రామపంచాయతీలయ్యాయి. ఊరి చరిత్ర అని ఒక పుస్తకం రాసుకుంటే అందులో మొదటి సర్పంచ్ పేరు ఎట్లాగూ ఉంటుంది. పాతర ఎక్కడ ఉండేదో, ఆఖరున ఎవరు తిన్నారో కూడా ఉండాలి.

పోయిన ఏడు మా ఐదో తరగతి పిల్ల ఒకతి నాలుగో ప్రశ్నకు జవాబు రాసుకొచ్చింది. "మా దాది" అని రాసి, కొట్టేసి, కింద "మా యాడి" అని రాసింది. దాది కాలం సంగతి అడిగితే యాడి పేరు ఎందుకు రాశావని అడిగాను. "దాది చనిపోయింది టీచర్. ఇప్పుడు యాడి తింటది ఆఖరికి" అంది.